తాత వాచీకి అమ్మ చెయ్యి

మా అన్న కొడుకు శ్రవణ్ మొన్న హైదరాబాద్ నుంచి సిరిసిల్లకు వచ్చింది నన్ను చూడడానికి కాదు, నా బీరువాలో ఉన్న ఒక వాచీని చూడడానికి. ఆ సంగతి వాడు దాచుకోనూ లేదు. చెప్పులు విడుస్తూనే "అత్తమ్మా, ముత్తాత వాచీ ఏడున్నది?" అన్నాడు. నా మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో అడగాలన్నది వాడికి ఆ తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది. వాడితో పాటు కారులోంచి ఒక పెట్టె కూడా దిగింది. నల్లటి చెక్క, పైన అద్దం, లోపల మఖ్మల్ దిండ్లు, ఆ దిండ్లకు తొడిగిన నాలుగు వాచీలు. ప్లగ్గు పెట్టగానే దిండ్లు మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. చేతికి లేనప్పుడు వాచీలు ఆగిపోకుండా ఆ పెట్టె వాటిని తిప్పుతుందట. పెట్టెను నా టీవీ పక్కన పెట్టి, వాడు సోఫాలో కాళ్ళు చాపుకున్నాడు. వాచీలు పని చేస్తున్నాయి, వాటి యజమాని సేదతీరుతున్నాడు. మా వంశంలో ఈ దృశ్యం కొత్తది కాదు కాబట్టి నేను లేచి టీ పెట్టడానికి పోయాను.

శ్రవణ్‌కు హైదరాబాద్‌లో వాచీల పిచ్చి ఉన్న స్నేహితుల బృందం ఒకటుంది. అప్పుడప్పుడు ఆదివారం పూట ఏదో పెద్ద హోటల్లో చేరి, చొక్కా చేతులు పైకి మడిచి, ఒకరి మణికట్టు ఒకరు చూసుకుంటారు. కొత్త వాచీ కోసం షోరూంలో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడడం వాళ్ళలో గొప్ప. దొరకని వస్తువే మంచి వస్తువని నమ్మే జాతి అది. తీరా దొరికాక దాని మీది ప్లాస్టిక్ పొర కూడా తీయరు, రేపు అమ్మితే ధర తగ్గుతుందని. ఈసారి సమావేశానికి ఎవరి పూర్వీకుల వాచీ వాళ్ళు తెచ్చి దాని కథ చెప్పాలట. వీడి కథ అప్పటికే ఫోన్‌లో సిద్ధంగా ఉంది, చదివి వినిపించాడు. "మా ముత్తాతగారు జగిత్యాల ప్రాంతంలో పేరున్న దొర. కాలం విలువ తెలిసిన మనిషి. ఆ రోజుల్లోనే దుబాయ్ నుంచి ఆటోమేటిక్ వాచీ తెప్పించుకున్న అభిరుచి ఆయనది." కాలం విలువ అన్నచోట నాకు నవ్వాగక టీ ముక్కులోకి పోయింది.

నాకూ వాచీల పిచ్చి ఉంది, దాచుకోవడం దేనికి. కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ జీతంలో మిగిలిందంతా వాటికే పోసాను. అయితే ఎంచుకోవడం కూడా ఒక పని అనీ, దానికి కళ్ళూ చెవులూ రెండూ కావాలనీ నా నమ్మకం. నేను వాచీని ముందు తిరగేసి చూస్తాను. అంచులు పదునుగా ఉన్నాయా, ఎవడైనా పాలిష్ పట్టించి సబ్బుబిళ్ళలా అరగదీశాడా. నిమిషాల ముల్లు నిమిషాల గీత దాకా చేరుతుందా, సగంలోనే అలసి ఆగిందా. డయల్ మీది పసుపు వయసుతో వచ్చిందా, కొత్త రంగు వేసి మాయ చేశారా. చావి తిప్పే బొడిపె వేళ్ళకు అందుతుందా. ఇవన్నీ అయ్యాక చెవి దగ్గర పెట్టుకుంటాను. కంపెనీ పేరు ఆఖరున చదువుతాను. మా వైపు మొనగాళ్ళు పేరొక్కటే చదువుతారు. సిరిసిల్లలో సాంచెలు నడిపించే ఒక షావుకారు, గుడ్డ నేసే ఆ మరమగ్గాల చప్పుడు మధ్యనే నా వాచీ చూసి, "గింత సన్నగున్నదేంది మేడం, మీ చేతికి ఆనుతనే లేదు" అని జాలిపడ్డాడు. ఆయన చేతిది పళ్ళెమంత ఉంది. దానిలో ఇంకో మూడు బుల్లి గడియారాలున్నాయి, మూడూ బొమ్మలే, ముళ్ళు కదలవు. కోరుట్ల, జగిత్యాల పెళ్ళిళ్ళలో భోజనాల వరుసలో కూర్చుంటే ఇలాంటి చేతులే వరుసగా కనిపిస్తాయి. దారం పోగు సన్నదో ముతకదో వేళ్ళతో తడిమి చెప్పగలిగినవాళ్ళు వాచీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకిలా గుడ్డివాళ్ళైపోతారో నాకు అర్థం కాదు.

ఇక శ్రవణ్‌కు ముత్తాత, నాకు తాత అయిన ఆ పెద్దమనిషి సంగతి. మా వాళ్ళది పెగడపల్లి దగ్గర ఒక పల్లె. ఊరు ఇక తమ మాట వినదని అర్థమయ్యాక కోటలాంటి మా గడీకి తాళం వేసి జగిత్యాలకు వచ్చేశారు. అప్పటికి తాతకు చేతకాని పనుల్లో చెంబుతో నీళ్ళు ముంచుకోవడం కూడా ఒకటి. పెంకుటిల్లు, ముందు వరండా, వరండాలో ఆయన పడక కుర్చీ. పొద్దున లేవగానే వేపపుల్ల ఒకరు అందించాలి, నీళ్ళు ఒకరు పోయాలి, ఉతికిన పంచె మడత విప్పి ఒకరు పట్టుకోవాలి. పల్లెలో ఆ ఒకరు అంటే పది మంది. జగిత్యాలలో ఆ ఒకరు మా అమ్మ. ఇల్లంతా జర్దా వాసన, కిరసనాయిలు స్టవ్ వాసన, ఎండలో ఆరేసిన తాత పంచెల గంజి వాసన కలిసి ఉండేవి. ఈ రోజుకీ ఎక్కడైనా గంజి వాసన తగిలితే నాకు ఎవరో కేకేసినట్టూ, చేస్తున్న పని వదిలి లేవాలన్నట్టూ అనిపిస్తుంది. మా అన్న హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదివేవాడు కాబట్టి వాడి ముక్కుకు ఈ వాసనలేవీ పట్టలేదు. నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా, డిగ్రీ చదివిన మనిషి. ఇంట్లో ఆయన చేసే పని పేపరు చదవడం. తాత ఏదైనా తిక్క మాట అన్నప్పుడల్లా ఆ పేపరు కొంచెం పైకి లేచేది, అంతకు మించి నాన్న నుంచి ఎవరూ ఏమీ ఆశించేవాళ్ళు కాదు.

వాచీని తెచ్చింది కోరుట్ల గంగారాం. వాళ్ళ నాన్న ఒకప్పుడు మా పొలాల్లో పని చేసినవాడు. కొడుకు దుబాయ్ పోయి, సెలవు మీద వచ్చి, తెల్ల బూట్లతో మా వరండా ముందు నిలబడి వాచీ డబ్బీ అందించాడు. "దొరా, దీనికి చావి ఇచ్చే పని లేదు. చేతికుంటె సాలు, దానంతట అదే నడుస్తది" అన్నాడు. ఆ కానుకలో మర్యాద ఎంతో, నేనిప్పుడెక్కడున్నానో చూడు అన్న గీర ఎంతో గంగారాంకే తెలియాలి. తాతకు మాత్రం పని లేదన్న ముక్క ఒక్కటి చెవికెక్కింది. ఏ పనీ చేయకుండా నడిచే వస్తువు, అచ్చం తన కోసమే తయారైనట్టు. వస్తువు నిజంగానే మంచిది. బంగారు పూత, తెల్లటి డయల్, సన్నటి ముళ్ళు, ఎక్కడా ఆర్భాటం లేదు. గంగారాంకు కన్నుంది. అలాంటి వాచీ లోపల అర్ధచంద్రంలాంటి బిళ్ళ ఒకటుంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది ఊగి స్ప్రింగును చుడుతుంది. తాత చెయ్యి కుర్చీ మీది నుంచి పాన్‌దాన్ దాకా పోయి, మళ్ళీ కుర్చీ మీదికి వచ్చేది. ఆ మాత్రానికి ఏ బిళ్ళా ఊగదు. వాచీ కొన్నాళ్ళు ఓపిక పట్టి ఆగిపోయింది. విదిలిస్తే నడిచేది, మళ్ళీ ఆగేది. "డూప్లికేట్ తెచ్చిండు లంగ" అని తాత గంగారాంను వచ్చేపోయేవాళ్ళ ముందు తిట్టడం మొదలుపెట్టాడు.

ఒకరోజు ఆగిన వాచీని బీరువాలో పెట్టమని అమ్మకిచ్చాడు. అమ్మకు బీరువా దాకా పోయే తీరిక లేదు. తన చేతికే తొడుక్కుని మరిచిపోయింది. బియ్యం చెరిగింది, పప్పు రుబ్బింది, బోరింగు కొట్టింది, బట్టలు పిండి ఆరేసింది. మధ్యాహ్నం చూసుకుంటే వాచీ నడుస్తోంది. "మామయ్యా, మంచిగనే నడుస్తున్నది" అని తెచ్చి చూపించింది. తాత చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆఖరికి తేల్చాడు. "దీనికి ఉష్ణం గావాలె. ఆడోళ్ళ చేతికి పొయ్యికాడి వేడి ఉంటది, గా వేడికి నడుస్తది. మొగోళ్ళ పెయ్యి సల్లగుంటది." వరండాలో కూర్చున్న పెద్దమనుషులందరూ తలలూపారు. ఒకాయన తన బావమరిది వాచీ కూడా ఎండాకాలమే బాగా నడుస్తుందని సాక్ష్యం చెప్పాడు. నాన్న పేపరు కొంచెం పైకి లేచింది.

అలా అమ్మకు ఇంకో పని తగిలింది. పొద్దున తాత స్నానం కాగానే వాచీ అమ్మ చేతికి వచ్చేది, సాయంత్రం ఆయన బయటికి పోయే ముందు తిరిగి పోయేది. మగవాళ్ళ చైను అమ్మ చేతికి వదులు. జారకుండా పాత చీర అంచు చింపి, గాజుల పైన ముడివేసి కట్టుకునేది. నీళ్ళు తగిలితే తిట్లు, నీళ్ళు తగలకుండా తీసి పెడితే వేడి తగ్గుతుందని తిట్లు. బడి నుంచి రాగానే నేను అమ్మ పక్కన చేరి, చాట పట్టిన ఆ చేతికి చెవి ఆనించేదాన్ని. చాట లేచినప్పుడల్లా లోపల సర్రుమని ఏదో తిరిగేది. నా వాచీల పిచ్చి అక్కడ మొదలైంది, ఏ షోరూం అద్దాల ముందూ కాదు. సాయంత్రానికి చైను ఉల్లిగడ్డ వాసన, పసుపు వాసన వేసేది. తాత మొహం చిట్లించి, తను తిట్టే ఆ గంగారామే వాచీతో పాటు తెచ్చిన సెంటు దాని మీద కొట్టుకుని, ఊళ్ళో టవర్ గడియారం దగ్గర బట్టల దుకాణం ముందు బెంచీ మీద కూర్చునేవాడు. అడిగినవాడికీ అడగనివాడికీ టైము చెప్పేవాడు. అమ్మ పొద్దంతా సంపాదించిన టైమును ఆయన సాయంత్రం పూట దానం చేసేవాడు.

అమ్మ పుట్టిల్లు కోరుట్ల. బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు. కానీ వాచీ వచ్చాక అమ్మకు కోరుట్ల చాలా దూరమైపోయింది. పోతానని అడిగితే చాలు, "పొద్దుగాల పోయి మాపటికి రా, లేకపోతె వాచీ ఆగుతది" అనేవాడు తాత, ఏ మాత్రం సిగ్గు లేకుండా, నీళ్ళు లేక పొలం ఎండిపోతుందన్నంత గంభీరంగా. అమ్మమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడిందని కబురొచ్చిన రోజు కూడా అదే మాట. అమ్మ సరేనంది. నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. వాచీ చేతికే ఉంది. ఆ సాయంత్రం తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. అమ్మమ్మకు మాట పోయింది, ఒక పక్క పూర్తిగా పడిపోయింది. వేళకు మందు మింగించాలి, పక్క మార్చాలి, ఒళ్ళు తుడవాలి. ఆ ఇంట్లో గోడ గడియారం లేదు, అమ్మ వేళ చూసుకునేది ఆ వాచీలోనే. అమ్మకు కావలసింది ఒక్కటే, తన తల్లి ఉన్నన్ని రోజులు ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఆమె దగ్గర ఉండడం. జగిత్యాలలో ఈ కోరిక ఎవరి బుర్రకూ ఎక్కలేదు. వాచీ లేని చేత్తో టవర్ దగ్గరికి పోలేక తాత ఇల్లు కదలడం మానేశాడట. ఆఖరికి నాన్నను పంపాడు. నాన్న చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడ్డాడు.

"నాయిన వాచీ పట్టుకరమ్మన్నడు."

"మా అమ్మ ఎట్లున్నదని అడుగుతరనుకున్న," అంది అమ్మ.

"అదే... ఎట్లున్నది?"

"టైముకు గోలీ ఏస్తె మింగుతున్నది. గా టైము గీ వాచీల చూసుకుంటున్న. మీ నాయినకు టైముతోని ఏం పనున్నదో చెప్పుండ్రి, గిప్పుడే ఇప్పి ఇస్త."

నాన్న గొంతు తగ్గించాడు. "అది వేడికి నడువది సుగుణా. చెయ్యి ఆడితెనే నడుస్తది. నాకు తెలుసు."

"నాకు తెల్వదనుకున్నరా? చాట ఎత్తినప్పుడల్ల దాని కడుపుల తిరుగుతది. కూసుంటె తిరుగది. గింత సమజ్ గాదా నాకు?"

"మరి చెప్పకపోతివి?"

"మీరు చెప్పకపోతిరి."

తాత తప్ప అందరికీ తెలుసన్నమాట. నాన్న ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళి, వాచీని కోరుట్లలో రిపేరుకు ఇచ్చారని తాతకు చెప్పాడు. మా నాన్న తన జీవితంలో అమ్మ పక్షాన వేసిన అడుగు అదొక్కటే. దాన్ని కూడా అబద్ధం మీదే వేశాడు.

అమ్మమ్మ అమ్మ చేతుల్లోనే పోయింది. కర్మలన్నీ అయ్యాక మేము జగిత్యాలకు తిరిగొచ్చాం. అమ్మ కాళ్ళు కడుక్కుని, చేతికి కట్టిన పేలిక విప్పి, వాచీ తీసి తాత ముందున్న స్టూలు మీద పెట్టింది.

"రేపటి సంది మీ కాడనే ఉంచుకోండ్రి మామయ్యా."

"మరి ఆగుతది గదనే?"

"ఆగనియ్యుండ్రి."

తాత నాన్న వైపు చూశాడు. పేపరు నాన్న మొహం కనబడనంత పైకి లేచింది. తాత తన చెయ్యి తనే నాలుగుసార్లు ఊపుకుంటే వాచీ నడిచేది. కానీ ఊపితే వేడి సిద్ధాంతం ఏమైపోవాలి? తన మాట నిలబడాలంటే వాచీ ఆగే ఉండాలి. కాబట్టి పోయేదాకా ఆగిన వాచీనే కట్టుకున్నాడు. సాయంత్రాలు టవర్ గడియారం వైపు ఒక దొంగచూపు చూసి, ఆ పైన మణికట్టు చూసుకుని టైము చెప్పేవాడు. టవర్ కింద కూర్చున్నవాళ్ళకు తలెత్తి టవర్‌ను చూడడం రాదనుకున్నాడేమో. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ కాదనలేదు. మా ప్రాంతంలో చాలాకాలం మర్యాద అంటే అదే. ఆయన పోయాక పంపకాల్లో మా అన్న భూమి తీసుకుని, "ఆగిపోయిన వాచీ, నువ్వే ఉంచుకో" అని దాన్ని నాకు వదిలేశాడు. తెరిపించి చూస్తే లోపల ఏ రోగమూ లేదు. నూనె ఎండిపోయింది, అంతే.

ఇప్పుడు కాలం మారిందంటారు. సిరిసిల్లలో మా వీధి చివర పార్కు ఉంది. అడుగులు లెక్కపెట్టే వాచీలు కట్టుకున్న పెద్దమనుషులు పొద్దున్నే అక్కడికి వస్తారు. బెంచీల మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటూ చెయ్యి మాత్రం ముందుకీ వెనక్కీ ఊపుతుంటారు. నడవకపోయినా అడుగులు పడతాయట. తాతను కనీసం వాచీ బయటపెట్టింది. వీళ్ళు ముందు వాచీని మోసం చేసి, ఆ వాచీ సాక్ష్యంతో ఇంట్లోవాళ్ళను మోసం చేస్తారు. వీళ్ళందరికన్నా శ్రవణ్ తెచ్చిన తిప్పుడు పెట్టె నయం. ఆ పెట్టెకు కనీసం పుట్టిల్లు లేదు.

వాడు టీ తాగి, కంటికి భూతద్దం బిగించుకుని, వాచీని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. "ఏంది అత్తమ్మా గిన్ని గీతలు? ముత్తాత గింత మొరటుగ వాడిండా?" అన్నాడు. అప్పుడు చెప్పాను ఇదంతా. అద్దం మీది వాలు గీతలు గాజులవని, ఒక పక్క పూత పోయింది రోలు అంచు తగిలి అని, చైను మొదట్లో రంగు మారినచోట చీర పేలిక కట్టేదని వేలుపెట్టి చూపించాను. వాచీలు సేకరిస్తానని చెప్పుకునేవాడికి గీతలు చదవడం రాకపోతే వాడు సేకరించేది ఇనుప ముక్కల్ని. పాపం, ఫోన్ పక్కన పెట్టే విన్నాడు. అంతా విని, "కథ మస్తున్నది. నాయనమ్మ గురించి ఆఖర్ల ఒక లైను పెడత" అన్నాడు. వాచీని మళ్ళీ వెలుతురుకు పట్టి, "కని పాలిష్ కొట్టిపిస్త అత్తమ్మా. గీతలు పోతెనే గద, ముత్తాత వాచీ లెక్క కనవడతది."

"అందుకే ఇయ్య," అన్నాను.

వాడి మొహం మాడిపోయింది. ఉత్త చేతులతో పోవడం ఇష్టం లేక నా వాచీల సొరుగు లాగి, మూలనున్న చిన్న ఆడవాళ్ళ వాచీని వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. "గిదేంది, బ్యాటరీది? మీ అసొంటోళ్ళ సొరుగుల ఉండవలసిందేనా గిది?" మాలాంటివాళ్ళకు బ్యాటరీ వాచీ అంటే చులకనే, నిజమే. దాంట్లో ప్రాణం ఉండదంటాం. వాడి చేతిలోంచి అది తీసుకుని సొరుగులో పెట్టి, పెట్టె ప్లగ్గు పీకి చేతికిచ్చి సాగనంపాను. దాని కథ కూడా వాడి ఫోన్‌లోకి ఎక్కడం నాకు ఇష్టం లేదు.

అది అమ్మ ఎంచుకున్న వాచీ. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, తాత పోయిన తర్వాత, అమ్మను కరీంనగర్ తీసుకుపోయి ఒక పెద్ద దుకాణంలో కూర్చోబెట్టాను. అప్పటికే నాకు కన్ను కుదిరింది, నా అభిరుచి చూపించుకోవాలని తహతహ. సన్నటి స్విస్ వాచీ ఒకటి ఏరి అమ్మ ముందు పెట్టాను.

"దీనికి చావి ఇయ్యాల్నా?" అని అడిగింది అమ్మ.

"పొద్దుగాల ఒక్కసారి ఇస్తె సాలమ్మా. మంచి వాచీ."

పక్కకు జరిపింది. దుకాణంవాడు ఇంకోటి తీసి, ఇది దానంతట అదే నడుస్తుందన్నాడు. అమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపింది. లోపలి చప్పుడు వినగానే కాలిన గిన్నెను ముట్టుకున్నట్టు కింద పెట్టేసింది. గాజు బల్ల కింద ఒక మూలన, ఎవరూ అడగనట్టు పడి ఉన్న చిన్నదాన్ని వేలుతో చూపించింది.

"గా దానికి నేనేం చెయ్యాలె?"

"ఏం చెయ్యద్దమ్మా, బ్యాటరీతోని నడుస్తది. కని అది అంత మంచిది కాదు."

"కూసున్నా నడుస్తదా?"

"నడుస్తది."

"పండుకున్నా?"

"నడుస్తదమ్మా."

"అయితె గిదే గావాలె," అని చెయ్యి చాపింది.

ఇన్నేళ్ళలో వాచీలు ఎంచుకునేవాళ్ళను ఎందరినో చూశాను. తనకేం కావాలో అంత బాగా తెలిసి ఎంచుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు. జగిత్యాల బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా దాన్ని కదపలేదు. కొంగు జారినా రెండో చేత్తోనే సర్దుకుంది. మధ్యమధ్య తల వంచి చూసుకుంది. వాచీ నడుస్తూనే ఉంది.